హైపోటెన్యూస్: అది భుజం పేరా, భుజం చేసే పనా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: లంబకోణ త్రిభుజంలో లంబకోణానికి ఎదుటి భుజాన్ని ఇంగ్లీషులో హైపోటెన్యూస్ అంటారు, ఆ మాటలో ‘హైపో’ అంటే కింద అని చెబుతారు, కానీ త్రిభుజాన్ని ఎటు తిప్పి గీస్తే ఆ భుజం అటు పోతుంది కదా, మరి ‘కింద’ ఎందుకు? ‘టెన్యూస్’ అంటే భుజం అనీ, మొత్తం మాటకు ‘కింద నుండి మోసే ఊతకర్ర’ అని అర్థమనీ ఎక్కడో చదివారు, అది నిజమా? గ్రీకులో ఇది స్త్రీలింగం అంటారు, గీతకు లింగం ఏమిటి? మన ‘కర్ణం’ దీనికి అనువాదమేనా? చివరగా, ఈ మాటను ఎలా పలకాలి?

ముందు సూటిగా జవాబు. హైపోటెన్యూస్ అసలు నామవాచకం కాదు, క్రియ నుండి పుట్టిన విశేషణం. గ్రీకులో ‘హుపొతేనూస’. ‘కింద సాగుతున్నది’ అని దాని అర్థం. వ్యాకరణంలో చెప్పాలంటే వర్తమాన కాలం, కర్తరి ప్రయోగం, స్త్రీలింగం, ప్రథమా విభక్తి, ఏకవచనం. దాని వెనుక ‘భుజం’ అనే మాట ఉండేది. వాడుకలో అది జారిపోయి విశేషణం ఒక్కటే మిగిలింది. ‘టెన్యూస్’ అంటే భుజం కాదు, ఊతకర్ర కథకు ఆధారం లేదు. కర్ణం దీనికి అనువాదమూ కాదు.

ఇక వివరంగా. నేను చాలాకాలం గణితం బోధించాను. ఇప్పుడు ప్రాచీన గ్రీకు రేఖాగణితవేత్త యూక్లిడ్‌ను మూల గ్రీకులో చదవాలనుకునే చిన్న బృందానికి వ్యాకరణం చెబుతుంటాను. ఈ ప్రశ్న అక్కడ తప్పకుండా వస్తుంది. కొంచెం సంస్కృత వ్యాకరణం వంటబట్టిన తెలుగువారికి దీన్ని వివరించడం చాలా తేలిక అని నా అనుభవం. ఇంగ్లీషు మీదుగా వెళితేనే దారి చుట్టు తిరుగుతుంది.

గ్రీకు మాటలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ‘హు’ అని రాసినచోట అసలు ధ్వని ‘హు’కూ ‘హి’కీ మధ్య ఉంటుంది, మనకు ఆ అచ్చు లేదు. మిగతావి దాదాపు రాసినట్టే పలకవచ్చు. త, థ తేడాను గ్రీకు కూడా మనలాగే పాటిస్తుంది. ఈ సంగతి కింద పనికొస్తుంది.

మాటను విడదీస్తే మూడు ముక్కలు వస్తాయి. ‘హుపొ’ ఉపసర్గ, ‘కింద, కింది వైపుగా’ అని. ‘తేన్’ క్రియ, ‘సాగు, చాచు, బిగువుగా లాగు’ అని. ‘ఊస’ ప్రత్యయం, ‘చేస్తున్నది’ అనే అర్థంలో స్త్రీలింగానికి వచ్చేది. ఈ మూడింటికీ సంస్కృతంలో రక్తసంబంధులు ఉన్నారు. హుపొ మన ‘ఉప’. తేన్ మన ‘తన్’ ధాతువు. తంతి, తంతువు, వితానం, సంతానం అన్నీ ఆ ధాతువు పిల్లలే. ఊస అనేది మన శతృ ప్రత్యయం, అంటే క్రియ నుండి ‘చేస్తున్న’ అనే విశేషణాన్ని చేసేది. పుంలింగంలో గ్రీకు ‘-ఓన్’, స్త్రీలింగంలో ‘-ఊస’, నపుంసకంలో ‘-ఒన్’. స్త్రీలింగ రూపం వెనుక ‘-ఒంత్య’ ఉండేది. అది ‘-ఒన్స’ అయి, నకారం లోపించి, ముందున్న అచ్చు దీర్ఘమై ‘-ఊస’ అయింది. సంస్కృతంలో అదే చోట ‘-అంతీ’ నిలిచింది.

‘స్రవంతి’ అనే పేరు తెలుగునాట అందరికీ తెలుసు. అది ‘స్రు’ ధాతువు శతృ రూపం, స్త్రీలింగం, ‘ప్రవహిస్తున్నది’ అని. నది స్త్రీలింగం కనుక స్రవంతీ. తరువాత నది అనే మాట అవసరం లేకపోయింది, స్రవంతి అంటేనే నది. హుపొతేనూస కథ అచ్చంగా ఇదే. ‘జయంతి’ కూడా ఆ తీరుదే, జయిస్తున్నది అని. ‘సతి’ మరీ దగ్గర: ‘అస్’ ధాతువుకు శతృ స్త్రీలింగం సతీ, ‘ఉన్నది’ అని. గ్రీకులో అదే ధాతువుకు అదే రూపం ‘ఊస’. ఇక్కడే కొందరు తికమకపడి హుపొతేనూసలోని చివరి ముక్కను ‘ఉండటం’ అనే క్రియగా విడదీస్తారు. అలా కాదు. అక్కడున్నది ప్రత్యయం మాత్రమే. ఉండటం అనే క్రియకు ధాతువు నలిగిపోయి ప్రత్యయమే మిగిలింది కనుక రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ధాతువు ఒకటే అయినా వర్తమాన కాలపు అంగం రెండు భాషల్లో ఒకటి కాదు. సంస్కృతంలో ‘తనోతి’, అంటే మధ్యలో ‘ను’ చేరుతుంది. గ్రీకులో ‘య’ చేరి తరువాత కరిగిపోయింది. కాబట్టి ఎవరైనా హుపొతేనూసను సంస్కృతంలోకి ముక్కకు ముక్కగా మారిస్తే ‘ఉపతన్వతీ’ అవుతుంది. అలాంటి పారిభాషిక పదం సంస్కృత గణితంలో వాడుకలో లేదు. నిర్మాణం చూపించడానికే రాశాను, దయచేసి దీన్ని ‘ప్రాచీన భారతీయ పదం’ అని ముందుకు పంపకండి.

ఊతకర్ర కథ. ఇది చాలాకాలంగా తిరుగుతోంది. హైపో అంటే కింద, టెన్యూస్ అంటే భుజం, కనుక కింద ఆనించిన కర్ర, అని. గ్రీకులో భుజానికి మాట ‘ప్లెఉరా’. పక్కటెముక, పక్క అని దాని మొదటి అర్థం. ‘తేనూస’ అనే నామవాచకం గ్రీకులో లేదు. అది క్రియారూపం. దానికి పుంలింగం, నపుంసకం కూడా ఉన్నాయి, మూడు లింగాల్లోనూ అన్ని విభక్తులూ ఉన్నాయి. భుజం అనే నామవాచకమే అయితే దానికి ఇన్ని లింగాలు ఎందుకుంటాయి? ఇలాంటి వ్యుత్పత్తులు ఎదురైనప్పుడు నేను మొదట చూసేది మాట చివరనే. చివర ఏ ప్రత్యయం ఉందో చెప్పలేని వ్యుత్పత్తిని నమ్మనవసరం లేదు.

స్త్రీలింగం ఎందుకు? గీత స్త్రీ అని కాదు. విశేషణం విశేష్యాన్ని అనుసరిస్తుంది. భుజం ‘ప్లెఉరా’, గీత ‘గ్రమ్మే’, సరళరేఖ ‘ఎఉథేయా’, మూడూ గ్రీకులో స్త్రీలింగాలే. వీటిలో ఏది లోపించిందనుకున్నా ఫలితం ఒకటే. రేఖాగణితంలో గీతల పేర్లు చాలావరకు ఇలా నామవాచకం జారిపోయిన స్త్రీలింగ విశేషణాలే. లంబానికి ‘కాథెతొస్’, ‘కిందికి వదిలినది’ అని. వ్యాసానికి ‘దియామెత్రొస్’. వక్రరేఖకు ఎంత దగ్గరగా వచ్చినా కలవని గీతకు ‘అసుంప్తోతొస్’. అందులో ‘అ’ మన అభావార్థకమే, ‘ప్తో’ మన పతనంలోని ‘పత్’కు చుట్టమే, ‘కలిసి పడనిది’ అని. ఈ మూడింటి చివర ‘-ఒస్’ చూసి కొత్తగా నేర్చుకునేవారు పుంలింగం అనుకుంటారు. కానీ సమాసంగా ఏర్పడ్డ విశేషణాలకు గ్రీకులో సాధారణంగా పుంలింగానికీ స్త్రీలింగానికీ ఒకే రూపం. ముందున్న ఉపపదం (ఇంగ్లీషులో ‘ది’ లాంటిది) ‘హే’ చూస్తేనే స్త్రీలింగమని తెలుస్తుంది.

మన దగ్గరే దీనికి అందమైన తోడు ఉంది. యజ్ఞవేదికల కొలతలు చెప్పే బౌధాయన శుల్బ సూత్రంలో వాక్యం: ‘దీర్ఘచతురశ్రస్యాక్ష్ణయా రజ్జుః పార్శ్వమానీ తిర్యఙ్మానీ చ యత్ పృథగ్భూతే కురుతస్తదుభయం కరోతి’. దీర్ఘచతురస్రంలో మూల నుండి మూలకు వేసిన తాడు చేసే వైశాల్యం, నిలువు, అడ్డం తాళ్ళు విడివిడిగా చేసే వైశాల్యాలు రెండూ కలిసినంత, అని. పార్శ్వమానీ, తిర్యఙ్మానీ అని స్త్రీలింగాలు ఎందుకొచ్చాయి? ‘రజ్జు’ స్త్రీలింగం కనుక. అక్కడ తాడు, ఇక్కడ గీత. రెండుచోట్లా విశేష్యం జారిపోయినా లింగం మాత్రం మిగిలింది. ఒకరిని చూసి మరొకరు రాశారని దీని అర్థం కాదు, లింగభేదం ఉన్న భాషలు రెండూ ఒకే పని చేశాయి, అంతే.

ఇప్పుడు యూక్లిడ్ వాక్యం దగ్గరికి వద్దాం. క్రీస్తుపూర్వం సుమారు 300 నాటి ఆయన ‘మూలసూత్రాలు’ (ఎలిమెంట్స్) గ్రంథం మొదటి భాగంలో 47వ ప్రతిపాదన, మనం పైథాగరస్ సిద్ధాంతం అనేది. అందులో ‘హైపోటెన్యూస్ మీది వర్గం’ అని ఉండదు. ఉన్నది ఇది:

‘తొ అపొ తేస్ తేన్ ఒర్థేన్ గోనియాన్ హుపొతేనూసేస్ ప్లెఉరాస్ తెత్రగోనొన్’

మాటకు మాట పెడితే: తొ, అంటే ‘ఆ’. అపొ, ‘నుండి’. తేస్, మళ్ళీ ‘ఆ’, కానీ షష్ఠిలో. తేన్ ఒర్థేన్ గోనియాన్, ‘లంబకోణాన్ని’. హుపొతేనూసేస్, ‘కింద సాగే’. ప్లెఉరాస్, ‘భుజం’. తెత్రగోనొన్, ‘చతురస్రం’. తెలుగులో వరసగా చదవండి: ‘ఆ లంబకోణం కింద సాగే భుజం నుండి వచ్చే చతురస్రం’. విశేషణమంతా ముందు, నామవాచకం చివర. ‘నిన్న ఊరి నుండి వచ్చిన మనిషి’ అన్నట్టే ఉంది. ఇంగ్లీషులో ఇది చెప్పాలంటే ముందు భుజం అని, ఆ తరువాత ‘ఏదైతే’ అని మొదలుపెట్టాలి. నేను బోర్డు మీద ఈ గ్రీకు ముక్కను తెలుగు లిపిలో రాసి, కింద తెలుగు మాటలు పెడతాను. వరస కుదరడం చూశాక గ్రీకు అంటే ఉన్న బెదురు సగం పోతుంది.

ఇందులో గమనించవలసినవి మూడు.

మొదటిది, ‘తేస్’కూ ‘ప్లెఉరాస్’కూ మధ్య దూరం. ‘తేస్’ అనే ఉపపదం ప్లెఉరాస్‌ది. నడుమ మొత్తం వర్ణన ఇరుక్కుంది, అందులో దాని సొంత ఉపపదం ‘తేన్’ ఉంది. అందుకే ‘తేస్ తేన్’ అని రెండు ఉపపదాలు పక్కపక్కనే వచ్చాయి. మొదటిసారి చూసినవారు ముద్రణ దోషం అనుకుంటారు. బయటి జంటకు షష్ఠి, లోపలి జంటకు ద్వితీయ, విభక్తి చూస్తే ఎవరిది ఎవరో తెలిసిపోతుంది. గ్రీకులో పంచమికి వేరే రూపం లేదు. ‘అపొ’తో కలిసి షష్ఠే ఆ పని చేస్తుంది.

రెండవది, ‘హుపొతేనూసేస్’ అనేది షష్ఠి రూపం. ప్రథమలో స్వరం, అంటే పలుకులో ఎత్తి పలికే చోటు, ‘తే’ మీద ఉంటుంది: హుపొతేనూస. షష్ఠిలో చివరి అచ్చు దీర్ఘం కావడంతో స్వరం ఒక అడుగు ముందుకు జరుగుతుంది: హుపొతేనూసేస్. నామవాచకంగా స్థిరపడిన తరువాత కూడా ఈ నడక అలాగే ఉంది.

మూడవది, నాకు చాలా ఇష్టమైనది: కోణం ‘ద్వితీయ’లో ఉండటం. తెలుగులో ‘కోణం కింద సాగే’ అంటాం, ‘కోణాన్ని సాగే’ అనం. సాగడం అకర్మకం కదా, కర్మ ఎక్కడి నుండి వచ్చింది? ఉపసర్గ వల్ల. సంస్కృతం చదివినవారికి ఇది పాణిని చెప్పినదే. ‘ఉపాన్వధ్యాఙ్వసః’ అని ఒక సూత్రం, 1.4.48. వస్ ధాతువుకు ఉప, అను, అధి, ఆఙ్ ఉపసర్గల్లో ఏది చేరినా ఆధారానికి కర్మ సంజ్ఞ, దానితో ద్వితీయా విభక్తి వస్తాయి. ‘గ్రామే వసతి’, కానీ ‘గ్రామం ఉపవసతి’. గ్రీకు హుపొ మన ఉపే అని పైన అన్నాను. అదే ఉపసర్గ, అదే ప్రభావం: కోణం ఆధారమే అయినా ద్వితీయలోకి వచ్చింది.

అయితే యూక్లిడ్ అన్నిచోట్లా ఇలా రాయడు. మొదటి భాగంలోనే 18వ, 19వ ప్రతిపాదనలు పక్కపక్కన పెట్టి చూడండి.

18: ‘పన్తొస్ త్రిగోనూ హే మేజోన్ ప్లెఉరా తేన్ మేజొన గోనియాన్ హుపొతేనే.’ ఏ త్రిభుజంలోనైనా పెద్ద భుజం పెద్ద కోణం కింద సాగుతుంది.

19: ‘పన్తొస్ త్రిగోనూ హుపొ తేన్ మేజొన గోనియాన్ హే మేజోన్ ప్లెఉరా హుపొతేనే.’ ఏ త్రిభుజంలోనైనా పెద్ద కోణం కింద పెద్ద భుజం సాగుతుంది.

మాటలు అవే. కానీ మొదటిదానిలో భుజం ముందు, రెండవదానిలో కోణం ముందు. ఏది ముందు వస్తే అది దత్తాంశం, తరువాతిది నిరూపించవలసినది. 18లో ఒక భుజం పెద్దదని ఇచ్చి దాని ఎదుటి కోణం పెద్దదని నిరూపిస్తాడు, 19 దానికి విపర్యయం. తేడా అంతా పదాల వరసలోనే ఉంది. దీన్ని చూడకుండా అనువదిస్తే రెండు సిద్ధాంతాలూ ఒకటే అనిపిస్తాయి. అలా అనిపించిన విద్యార్థులను చూశాను, ‘ఒకే విషయాన్ని రెండుసార్లు ఎందుకు చెప్పాడు’ అని అడుగుతారు. పైగా 19లో ‘హుపొ’ రెండుసార్లు ఉంది, ఒకసారి విడిగా కోణం ముందు, మరోసారి క్రియలో కలిసి. అంటే కర్మగా పెట్టినా సరే, ‘హుపొ’తో పెట్టినా సరే, అర్థం మారదు.

ఇంకో చిక్కు. యూక్లిడ్ గ్రీకు చదివేటప్పుడు ‘హే హుపొ ఆల్ఫా బీటా గామా గోనియా’ అని తరచు వస్తుంది. ఇక్కడి హుపొకు ‘కింద’ అని అర్థం చెప్పకండి. షష్ఠితో వచ్చినప్పుడు హుపొ అంటే ‘చేత’. ‘ఆ గీతల చేత చుట్టబడిన కోణం’ అనే పెద్ద పదబంధానికి ఇది కుదింపు. అక్షరాలకు విభక్తి రూపాలు లేవు కనుక పైకి కనబడదు. ద్వితీయతో వస్తే కింద, షష్ఠితో వస్తే చేత. ఒకే వాక్యంలో రెండూ రావడం కూడా మామూలే.

ఇక మీ అసలు సందేహం, ‘కింద’ అంటే ఏ కింద? బొమ్మలో కింద కాదు. కోణానికి కింద. కోణం అంటే రెండు గీతలు ఒక బిందువు దగ్గర కలిసి విప్పుకున్న నోరు. శిఖరం నుండి చూస్తే ఆ నోటికి అడ్డంగా, ఒక చేతి కొస నుండి మరో చేతి కొస వరకు సాగేది ఏదో అది ‘కింద’ సాగుతున్నట్టు. త్రిభుజాన్ని తలకిందులు చేసినా కోణానికీ దాని ఎదుటి భుజానికీ ఉన్న ఈ సంబంధం మారదు. బోధనలో నేను కావాలనే లంబకోణాన్ని కింద ఎడమ మూలలో కాకుండా పై భాగంలో పెట్టి, ఎదుటి భుజం అడుగున వచ్చేలా ఒకసారి గీస్తాను. 47వ ప్రతిపాదనకు మామూలుగా ముద్రించే బొమ్మ కూడా అలాంటిదే, లంబకోణం పైన, పెద్ద చతురస్రం అడుగున. పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడూ వాలుగా కనిపించే భుజాన్ని అడ్డంగా చూసేసరికి పిల్లలు అదే కర్ణమని వెంటనే పోల్చుకోలేరు. పేరు మాత్రం ఆ బొమ్మలో చక్కగా అతుకుతుంది.

లంబకోణంతో దీనికి ముడి పుట్టుకతో వచ్చింది కాదు. ఇది చాలామందికి తెలియదు. పైన 18, 19 ప్రతిపాదనల్లో ఉన్నది ఏ త్రిభుజమైనా, ఏ కోణమైనా. మూడవ భాగం 29వ ప్రతిపాదనలో ఇదే క్రియ వృత్తానికి వాడాడు: సమాన వృత్తాల్లో సమాన చాపాల కింద సమాన సరళరేఖలు సాగుతాయి, అని. అంటే చాపం కింద జ్యా కూడా ‘హుపొతేనూస’యే. అందుకే 47లో ‘లంబకోణం కింద సాగే భుజం’ అని మొత్తం చెప్పవలసి వచ్చింది. ఏ కోణం అని చెప్పకపోతే అర్థం పూర్తి కాదు.

మరి ‘హుపొతేనూస’ ఒక్కటే ఎప్పుడు నిలబడింది? యూక్లిడ్ తరువాత అనుకుంటే పొరపాటే. ఆయనకు ముందే, ప్లేటో ‘తిమాయొస్’ సంభాషణలో, 54వ పుట దగ్గర, ఒక త్రిభుజాన్ని వర్ణిస్తూ ‘హుపొతేనూస చిన్న భుజానికి పొడవులో రెట్టింపు ఉన్నది’ అంటాడు. 30, 60, 90 డిగ్రీల త్రిభుజం అది. కోణం అనీ లేదు, భుజం అనీ లేదు, ఉపపదంతో విశేషణం ఒక్కటే. అంటే అప్పటికే జిజ్ఞాసువుల మాటల్లో కుదింపు చెల్లుబాటు అయింది. యూక్లిడ్ మాత్రం సిద్ధాంత వాక్యంలో పూర్తి రూపం రాశాడు. శాస్త్రవాక్యానికీ సంభాషణకూ ఉండే తేడా ఇది, కాలభేదం కాదు.

ప్లేటోదే మరో సంభాషణ ‘మెనోన్’లో ఇంకా పాత పొర కనబడుతుంది. చదువులేని బానిస కుర్రవాడి చేత సోక్రటీస్ చతురస్రాన్ని రెట్టింపు చేయిస్తాడు. చివరికి ఏ గీత మీద రెట్టింపు చతురస్రం వస్తుందో చెప్పవలసినప్పుడు ‘మూల నుండి మూలకు సాగే దాని నుండి’ అంటాడు. గ్రీకులో ‘అపొ తేస్ ఎక్ గోనియాస్ ఏస్ గోనియాన్ తేనూసేస్’. చూశారా, అదే ‘అపొ తేస్’, అదే ‘తేనూసేస్’. హుపొ లేదు, అంతే. వెంటనే, దీన్ని పండితులు ‘దియామెత్రొస్’ అంటారు అని కుర్రవాడికి పారిభాషిక పదం అందిస్తాడు. ముందు అందరికీ అర్థమయ్యే క్రియ, తరువాత శాస్త్రం పెట్టిన పేరు. ఇంకో సంగతి, చతురస్రపు కర్ణానికీ వృత్తపు వ్యాసానికీ గ్రీకులో ఈ ఒక్క మాటే.

తాళ్ళ సిద్ధాంతం గురించి ఒక జాగ్రత్త. ‘సాగడం’ అనే ధాతువు చూడగానే ఈజిప్టు కొలతగాళ్ళు పన్నెండు ముడుల తాడు లాగి 3, 4, 5 త్రిభుజం చేసేవారనీ, పేరు అక్కడిదనీ రాస్తుంటారు. తాళ్ళు లాగే కొలతగాళ్ళు ఉన్న మాట నిజం, వారికి గ్రీకులో పేరు కూడా ఉంది. కానీ 3, 4, 5 తాడుకు ఈజిప్టు ఆధారం చూపించలేరు. వ్యాకరణం కూడా ఆ కథకు సాయం రాదు. లాగి బిగించిన తాడు అయితే కర్మణి రూపం కావాలి, ‘హుపొతెతమెనే’ అని, ‘కింద లాగబడినది’. మనకున్నది కర్తరి. ఎవరూ లాగడం లేదు, గీత తానే సాగుతోంది. ‘ఈ కొండ సముద్రం దాకా సాగుతుంది’ అన్నప్పటి సాగడమే ఇది. కర్మణి లాంటి రూపం కావాలంటే స్పర్శరేఖ పేరు చూడండి: ‘ఎఫప్తొమెనే’, తాకుతున్నది. అందులోని ‘-మెనే’ మన శానచ్ ప్రత్యయానికి, అంటే వర్తమానం, విద్యమానంలోని ‘మాన’కు చుట్టం.

తరువాతి ప్రయాణం త్వరగా చెబుతాను. లాటిన్ ఈ మాటను ‘హైపోతెనూస’గా ఎత్తుకుపోయింది. అక్కడ అది క్రియారూపమన్న స్పృహ పోయి మామూలు స్త్రీలింగ నామవాచకమైంది. అక్కడి నుండి పదహారవ శతాబ్దంలో ఇంగ్లీషుకు. లాటిన్ తన సొంత మాటలతో చేసుకున్న అనువాదం కూడా బతికే ఉంది. ‘సబ్’ అంటే హుపొ, ‘టెండ్’ అంటే తేన్. వృత్తాల పాఠంలో చాపం కేంద్రం దగ్గర కోణాన్ని ‘సబ్‌టెండ్’ చేస్తుందని ఇంగ్లీషు పుస్తకాలు చెప్పేది ఈ క్రియనే. హైపోటెన్యూస్, సబ్‌టెండ్ ఒకే మాటకు గ్రీకు వేషం, లాటిన్ వేషం. పాఠం చెప్పేవారు ఈ రెండింటినీ కలిపి ఒక్క నిమిషం చెబితే పిల్లలకు రెండూ గుర్తుంటాయి.

పాత ఇంగ్లీషు పుస్తకాల్లో మధ్యలో ‘థ’ పెట్టి ‘హైపోథెన్యూస్’ అని రాసిన చోట్లు కనబడతాయి. అది తప్పు. ‘హైపోథెసిస్’ ప్రభావం కావచ్చు. ఆ మాటలోని ‘థె’ వేరే ధాతువు, ‘ఉంచు’ అని, మన ‘ధా’కు చుట్టం. మనది ‘త’, ‘తన్’ ధాతువు. ఇంగ్లీషు లిపిలో ఒక అక్షరం తేడా అనిపించేది మన లిపిలో చూస్తే రెండు వేరే హల్లులని తెలిసిపోతుంది.

చివరగా కర్ణం. ఆర్యభట 499 నాటికే ‘యశ్చైవ భుజావర్గః కోటీవర్గశ్చ కర్ణవర్గః సః’ అన్నాడు, భుజ వర్గం, కోటి వర్గం కలిస్తే కర్ణ వర్గం అని. భుజ, కోటి, కర్ణ అనే మూడు పేర్ల వ్యవస్థ ఇది. గ్రీకులో లంబకోణానికి ఇరుపక్కలా ఉన్న భుజాలు రెంటినీ కలిపి ‘లంబకోణాన్ని చుట్టేవి’ అంటారు, వాటికి చెరొక పేరు ఉండదు. మనవారు రెంటికీ రెండు పేర్లు పెట్టారు. కర్ణం అనే మాటలో కిందా లేదు, సాగడమూ లేదు, చెవి అనే అర్థమే ఉంది. పైగా అది త్రిభుజానికే కట్టుబడలేదు: చతుర్భుజానికి కర్ణం, శంకుచ్ఛాయ లెక్కల్లో ఛాయాకర్ణం, గ్రహగణితంలో మందకర్ణం, శీఘ్రకర్ణం. అనువాదపదం అయితే ఇన్ని వైపులకు కొమ్మలు వేయదు.

గ్రీకు నుండి మనకు నిజంగా వచ్చినవి వేరే ఉన్నాయి, జ్యోతిషం దారిన. ‘కేంద్రం’ గ్రీకు ‘కెంత్రొన్’. పొడిచే మొన, వృత్తలేఖిని సూది గుచ్చిన చోటు. ‘జామిత్ర’, అంటే లగ్నం నుండి ఏడవ స్థానం, గ్రీకు ‘దియామెత్రొస్’, ఎదురెదురు అని. వీటిలో ధ్వని వచ్చింది, అందుకే అరువు అని చెప్పగలం. కర్ణంలో గ్రీకు ధ్వనీ లేదు, అర్థమూ లేదు. అరబీవారు ఈ భుజాన్ని ‘వతర్’ అన్నారు, వింటినారి. చైనా గణితంలోనూ వింటినారి అనే అర్థమున్న మాటే. ఎవరి పేరు వారిదే.

ఉచ్చారణ కూడా అడిగారు కనుక: తరగతిలో హైపోటెన్యూస్ అని పలికితే చాలు. నేటి గ్రీసు బడుల్లో ఇది ‘ఇపొతీనుస’. అక్కడి పిల్లలకు ఇది పాత భాష క్రియారూపమని విడిగా చెప్పాలి, ఎందుకంటే వర్తమాన గ్రీకులో ఇలాంటి రూపాలు మాట్లాడే భాషలో లేవు. షష్ఠిని కూడా ఇప్పుడు మామూలు నామవాచకంలా ‘ఇపొతీనుసస్’ అంటారు. స్వరం ‘తీ’ మీదే ఉండిపోతుంది, యూక్లిడ్ కాలంలోలా ముందుకు జరగదు.